గుర్రాల వంశావళి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో మన ప్రాంతంలో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న పిల్లల గురించి వచ్చిన వ్యాసం చదివి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం గుర్రాల వంశం గురించి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే లక్షణాల గురించి అడిగినవే. అందువల్ల ఒకే సంగతి అడిగిన వారిని కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. విశాఖపట్నంలో స్వారీ నేర్చుకుని, ఇప్పుడు అడ్డంకులు దూకే పోటీల్లో పాల్గొంటానని పట్టుబడుతోంది. హైదరాబాదు పందేల నుంచి విరమించిన ఆరేళ్ళ ఆడ గుర్రాన్ని ఒక మధ్యవర్తి మాకు అమ్మజూపుతున్నాడు. ఐదు తరాల వంశవృక్షం అచ్చువేసిన కాగితం చూపించి, అందులో నార్తర్న్ డాన్సర్ పేరు ఉంది కనుక అడిగిన ధర తక్కువేనని అంటున్నాడు. ఆ కాగితాన్ని ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి? తరువాత దానిచేత ఒక ఈత ఈనించాలన్న ఆశ కూడా ఉంది. (బొబ్బిలి)

జవాబు: కాగితంలో ఏముందో చదివే ముందు, ఆ కాగితం ఆ గుర్రానిదేనా అన్నది తేల్చుకోవాలి. ఈ పని చేయకుండా వంశం గురించి ఎంత చర్చించినా వృథాయే. మన దేశంలో పందెపు పరుగు కోసం పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాల జనన నమోదు పుణె కేంద్రంగా స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా చూస్తుంది. పిల్ల తల్లిదండ్రులను డీఎన్‌ఏ పరీక్షతో నిర్ధారించుకుని, మెడకు ఎడమ వైపున జూలుకు కాస్త కింద చర్మం లోపల మైక్రోచిప్ అమర్చి, ఆ అంకెను గుర్రం పాస్‌పోర్టులో (గుర్తింపు పుస్తకంలో) రాస్తారు. చిప్ రీడరు ఉన్న పశువైద్యుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి, రీడరులో కనిపించే పదిహేను అంకెలను పాస్‌పోర్టులోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. మీకు దగ్గరలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కనుక, అక్కడివారి సలహా తీసుకోవడం మీకు కష్టం కాదు.

ఆ తరువాత పాస్‌పోర్టులోని బొమ్మను గుర్రం పక్కన పట్టుకుని నిలబడండి. నుదుటి మీద తెల్ల మచ్చ ఆకారం, ఏ కాలికి ఎంత ఎత్తు వరకు తెలుపు ఉందో, నుదుటి సుడి కళ్ళ గీతకు పైన ఉందో కింద ఉందో, మెడ మీది సుడులు ఏ వైపు తిరిగాయో అందులో గుర్తు పెట్టి ఉంటాయి. నోరు తెరిపించి పళ్ళు కూడా చూడాలి. అయిదేళ్ళు నిండేసరికి గుర్రానికి ముందు పళ్ళన్నీ శాశ్వత దంతాలై ఉంటాయి. పై వరుసలో చివరి ముందు పంటి మీద, చిగుళ్ళ దగ్గర, గోధుమ రంగు గాడి ఒకటి సుమారు పదో ఏట మొదలై, పదిహేనో ఏటికి పంటి సగం వరకు దిగుతుంది. ఆరేళ్ళ గుర్రమని చెప్పిన దానికి ఆ గాడి కనబడితే, వంశవృక్షం మడిచి మధ్యవర్తికి ఇచ్చి ఇంటికి వచ్చేయవచ్చు.

ఇక నార్తర్న్ డాన్సర్ సంగతి. 1961లో కెనడాలో పుట్టిన ఈ గుర్రం 1964లో అమెరికాలోని ప్రసిద్ధ పందెం కెంటకీ డెర్బీ గెలిచింది. దాని కొడుకులు నిజిన్‌స్కీ, డాంజిగ్, శాడ్లర్స్ వెల్స్ వంటివి, వాటి కొడుకులు ప్రపంచమంతటా విత్తనానికి నిలిచాయి. అందుచేత నేటి థరోబ్రెడ్‌లలో ఎక్కడో ఒకచోట ఈ పేరు తగలని గుర్రం దొరకడమే అరుదు. అందరి ఇంట్లోనూ ఉన్న వస్తువును చూపించి ఎక్కువ ధర అడగడం వర్తకుడి నేర్పు తప్ప, కొనేవాడికి అది ఆధారం కాదు. పైగా ఐదో తరంలో ముప్పై రెండు పేర్లుంటాయి కనుక, అక్కడి ఒక్క పూర్వికుడి నుంచి గుర్రానికి దిగే వాటా సగటున ముప్పై రెండో వంతు మాత్రమే. ఆ కాగితంలోని అరవై రెండు పేర్లలో మీకు నిజంగా పనికివచ్చేవి మొదటి రెండు మూడు తరాల్లోని పద్నాలుగు పేర్లే. వాటిలోనూ తల్లి వైపు వాటి మీద ఎక్కువ సమయం వెచ్చించండి. ప్రసిద్ధ స్టాలియన్‌కు (విత్తనపు మగ గుర్రానికి) ఏడాదికి పదుల కొద్దీ పిల్లలు పుడతాయి, వాటిలో మెరిసినవి నాలుగు మాత్రమే ప్రకటనల్లో కనిపిస్తాయి. తల్లికి ఏడాదికి ఒక్క పిల్లే కనుక, ఆమె కన్న పిల్లలన్నీ ఏమయ్యాయో ఎవరైనా ఓపికగా కూర్చుంటే తేల్చవచ్చు.

అలా కూర్చున్నప్పుడు గెలిచిన పందేల లెక్క కంటే ముందు వేరే లెక్క చూడండి. తల్లి పిల్లల్లో ఎన్ని పందెపు బరిలోకి దిగాయి, ఎన్ని దిగకుండానే ఆగిపోయాయి, దిగినవి ఎన్నేళ్ళ వయసు వరకు కుంటకుండా పరుగెత్తాయి? మూడేళ్ళకే విరమించిన అన్నదమ్ములు వరుసగా కనబడితే ఆ ఇంట్లో కాళ్ళ బలహీనత ఉందేమోనని అనుమానించాలి. దూకే ఆటకు పరుగు వేగం కంటే కాళ్ళ మన్నిక ముఖ్యం. మీరు చూస్తున్న గుర్రానికే, మోకాలి కింద వెనుక వైపున ఉండే పెద్ద స్నాయువును (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి దాన్ని) రెండు ముందు కాళ్ళకూ వేళ్ళతో పై నుంచి కిందికి నిమురుతూ తడిమి చూడండి. ఒక కాలిది తాడులా బిగువుగా, సన్నగా తగులుతూ, రెండో కాలిది ఒకచోట ఉబ్బి వేడిగా తగిలితే, అది పాత దెబ్బో కొత్త దెబ్బో వైద్యుడు స్కానింగ్ చేసి చెప్పేవరకు బయానా ఇవ్వవద్దు.

ఇంకొక మాట. థరోబ్రెడ్‌ను మూడు వందల ఏళ్ళుగా చదునైన నేల మీద వేగం కోసం ఎంపిక చేశారు, దూకడం కోసం కాదు. దూకే గుణం వాటిలో ఉండదని దీని అర్థం కాదు, కాని వంశవృక్షం చూసి దాన్ని ఊహించలేరు. చుట్టూ కంచె ఉన్న ఆవరణలో, రౌతు లేకుండా, చిన్న కర్ర మీద నుంచి గుర్రాన్ని దాని ఇష్టానికి దూకనివ్వండి. ముందు కాళ్ళను మోకాళ్ళ దగ్గర మడిచి పైకి ఎత్తుకుంటుందా, వేలాడదీస్తుందా, కర్ర తగిలితే రెండోసారి జాగ్రత్త పడుతుందా, బెదిరి పక్కకు తిరుగుతుందా? మా ఉద్దేశంలో, మీ అమ్మాయి ఎక్కబోయే గుర్రానికి ఈ అరగంట పరీక్ష ఐదు తరాల కాగితం కంటే విలువైనది.

ఈత విషయానికి వస్తే, గుర్రం చూలు సుమారు పదకొండు నెలలు. పుట్టే పిల్ల థరోబ్రెడ్‌గా నమోదు కావాలంటే సహజంగా దాటించిందే కావాలి, కృత్రిమ గర్భధారణను ఆ నమోదు ఏ దేశంలోనూ ఒప్పుకోదు. స్వారీ ఆటల కోసమే అయితే ఈ నిబంధన మీకు అడ్డు రాదు. అయితే పందెంలో విఫలమైంది కనుక తల్లిగా పనికివస్తుందన్న లెక్క వేసుకోకండి. కుంటిన కారణం వంశంలోనిదైతే పిల్లకూ అదే రావచ్చు.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో డిగ్రీ జంతుశాస్త్రం చదువుతున్నాను. పరుగు, దూకడం వంటి సామర్థ్యాలు నిజంగా జన్యువుల ద్వారా దిగుతాయా? దీని మీద చిన్న ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (శ్రీకాకుళం)

జవాబు: దిగుతాయి, కాని అన్నీ ఒకే మోతాదులో కాదు. ఒక మందలో గుర్రాల మధ్య కనబడే తేడాలో ఎంత భాగం జన్యువుల వల్ల వచ్చిందో చెప్పే కొలతను అనువంశికత అంటారని మీరు చదివే ఉంటారు. గుర్రం ఎత్తు విషయంలో ఇది సగానికి అటూ ఇటూగా ఉంటుంది. అడ్డంకులు దూకే పోటీల ఫలితాల విషయంలో చాలా అధ్యయనాల్లో పదో వంతు నుంచి ఐదో వంతు లోపలే తేలుతుంది. మిగిలినదంతా రౌతు, శిక్షణ, మేత, నేల, గాయాలు, అదృష్టం. పోటీ ఫలితాన్ని కాకుండా, శిక్షకులు ఒకే చోట ఒకే పద్ధతిలో పరీక్షించి వేసిన మార్కులను తీసుకుంటే అనువంశికత పెరిగి కనబడుతుంది. గుర్రం మారలేదు, కొలత శుభ్రపడింది. జర్మనీలో విత్తనపు గుర్రాలను వారాల తరబడి ఒకే కేంద్రంలో ఉంచి పరీక్షించే ఆచారం వెనుక ఉన్న తర్కం ఇదే.

ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా పెద్దదిగానే ఉంటుంది. 1973లో అమెరికాలో మూడు ప్రధాన పందేలనూ గెలిచి, బెల్మాంట్‌లో 31 గుర్రాల నిడివి తేడాతో ముందు నిలిచిన సెక్రటేరియట్‌కు ద బ్రైడ్ అనే సొంత అక్క ఉండేది. అదే తల్లి, అదే తండ్రి. అది ఒక్క పందెమూ గెలవలేదు. తల్లి జన్యువుల్లో ఏ సగం, తండ్రి జన్యువుల్లో ఏ సగం దిగుతుందన్నది ప్రతి చూలుకూ కొత్తగా తేలుతుంది. సెక్రటేరియట్ గుండె బరువు 22 పౌన్లని, పెద్ద గుండె తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోము ద్వారా దిగుతుందని ఒక కథ గుర్రాల వాళ్ళలో బాగా ప్రచారంలో ఉంది. ఆ గుండెను అసలు ఎవరూ తూచలేదు, శవపరీక్ష చేసిన వైద్యుడు కంటి అంచనాగా చెప్పిన మాట అది. ఎక్స్ క్రోమోజోము సిద్ధాంతానికి ఇంతవరకు రుజువు లేదు. మీ ప్రాజెక్టులో దాన్ని చేర్చవద్దు.

రుజువైనవి కొన్ని ఉన్నాయి. కండరాల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులో ఒక చోట సీ, టీ అనే రెండు రూపాలున్నాయని, రెండు సీలు ఉన్న థరోబ్రెడ్‌లు పొట్టి దూరాల్లో, రెండు టీలు ఉన్నవి దీర్ఘ దూరాల్లో, ఒక్కొక్కటి ఉన్నవి మధ్య దూరాల్లో రాణిస్తాయని 2010లో డబ్లిన్‌లోని పరిశోధకులు చూపారు. ఇది గుర్రం ఏ దూరానికి పనికివస్తుందో చెబుతుందే తప్ప, గెలుస్తుందో లేదో చెప్పదు. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం డీఎంఆర్‌టీ3 అనే జన్యువులోని ఒక మార్పు గుర్రాల నడక తీరును శాసిస్తుందని కనుగొంది. ఐస్‌లాండ్ గుర్రాల ప్రత్యేకమైన నడకలకు మూలం అదే. ఇలా ఒక్క జన్యువుతో తేలే లక్షణాలు కొద్ది మాత్రమే. ధైర్యం, సమతూకం, గాలిలో కాళ్ళు మడిచే తీరు వంటివి వందలాది జన్యువుల చిన్న చిన్న ప్రభావాల కలయిక.

ప్రాజెక్టుకు మా సలహా ఇది. ఒకే స్టాలియన్ సంతానాన్ని లెక్కించి, ఎన్ని గెలిచాయో చెప్పి ఊరుకోకండి. పేరున్న స్టాలియన్ దగ్గరకు పేరున్న ఆడ గుర్రాలనే తెస్తారు కనుక, ఆ గెలుపుల్లో తల్లుల వాటా ఎంతో విడదీయాలి. అమెరికాలో దీనికి రెండు సూచికలను పక్కపక్కన వేస్తారు. మొదటిది ఆ స్టాలియన్ పిల్లల సగటు సంపాదన, రెండోది అవే తల్లులు ఇతర స్టాలియన్‌లకు కన్న పిల్లల సగటు సంపాదన. మొదటి అంకె రెండోదాని కంటే పెద్దదైతే స్టాలియన్ తల్లులను మెరుగుపరిచినట్టు, చిన్నదైతే వాటి పేరు మీద బతికినట్టు. మన దేశపు పందేల ఫలితాలు ప్రచురితమైనవే కనుక, ఇరవై ముప్పై తల్లులతో ఈ లెక్క మీరు స్వయంగా వేయవచ్చు. అసలు బరిలోకి దిగని పిల్లలను కూడా లెక్కలో ఉంచండి. వాటిని వదిలేస్తే ప్రతి స్టాలియనూ గొప్పదిగానే కనిపిస్తుంది.

పాత నమోదులను గుడ్డిగా నమ్మవలసిన పని కూడా లేదు. ఇంగ్లండులో థరోబ్రెడ్‌ల వంశ నమోదు పుస్తకమైన జనరల్ స్టడ్ బుక్ 1791లో మొదలైంది. డార్లీ అరేబియన్, బయర్లీ టర్క్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు గుర్రాలకు నేటి థరోబ్రెడ్‌ల మగ వరుసలన్నీ చేరతాయని, వాటిలోనూ అత్యధిక భాగం 1764లో పుట్టిన ఎక్లిప్స్ మీదుగా డార్లీ అరేబియన్‌కే చేరుతుందని అందరూ రాస్తారు. తల్లి వరుసల మాట వేరు. మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే పిల్లకు వస్తుంది కనుక, ఒకే మూల తల్లి సంతతిగా పుస్తకంలో నమోదైన గుర్రాలన్నిటికీ అది ఒకటిగా ఉండాలి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కొన్ని కుటుంబాల్లో అది ఒకటిగా లేదని తేలింది. రెండు శతాబ్దాల కిందట ఏదో ఒక పాకలో ఎవరో ఒక పిల్లను వేరొక తల్లి పేరున రాసి ఉంటారు.

ప్రశ్న: మేము పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిస్తాం. మా ఎర్ర గుర్రానికి తెల్ల పిల్ల పుట్టాలని, సొమ్ము కట్టి మరీ ఒక తెల్ల మగ గుర్రానికి దాటించాం. పుట్టిన పిల్ల ముదురు గోధుమ రంగులో ఉంది. మగ గుర్రం యజమాని మమ్మల్ని మోసం చేశాడని మా బావ గొడవకు సిద్ధంగా ఉన్నాడు. (నరసన్నపేట)

జవాబు: మీ బావగారిని కొన్నాళ్ళు ఆగమనండి. మనం తెల్ల గుర్రాలనుకునే వాటిలో ఎక్కువ భాగం పుట్టుకతో తెల్లవి కావు. అవి నలుపుగానో, గోధుమగానో, ఎర్రగానో పుట్టి, ఏటేటా వెంట్రుకలు నెరిసి, ఆరేడేళ్ళకు తెల్లబడతాయి. గుర్రాల వాళ్ళు వీటిని సబ్జా అంటారు. మూతి, కళ్ళ చుట్టూ చర్మం నల్లగా ఉంటే మీరు దాటించిన మగ గుర్రం ఆ కోవలోనిదే. ముందు మీ పిల్ల కనురెప్పల చుట్టూ, వెలుగులో నిలబెట్టి, దగ్గరగా చూడండి. నెరిసే పిల్లకు మొదటి తెల్ల వెంట్రుకలు సాధారణంగా అక్కడే, కళ్ళజోడు పెట్టినట్టుగా మొలుస్తాయి.

అవి కనబడకపోయినా మోసమని తేలదు. నెరుపు బహిర్గత లక్షణం (జన్యువు ఒక్క ప్రతి ఉన్నా బయటపడేది), తండ్రికి ఆ జన్యువు ఒక్క ప్రతే ఉంటే పిల్లకు అది దిగే అవకాశం సగానికి సగం. తండ్రికి రెండు ప్రతులున్నాయని యజమాని ముందే రాసి ఇచ్చి ఉంటే తప్ప అతణ్ణి నిలదీయలేరు. నెరుపు తరాన్ని దాటి వెళ్ళదన్నది మాత్రం కచ్చితం. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కటీ నెరిసేది కాకపోతే పిల్ల నెరవదు. అలాగే ఒళ్ళూ జూలూ రెండూ ఎర్రగా ఉండే సురంగు రంగు అంతర్గత లక్షణం (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) కనుక, రెండు సురంగు గుర్రాలకు సురంగు పిల్లే పుడుతుంది, నల్ల జూలు గల కుమైతు పుట్టదు. అమ్మకానికి వచ్చిన ఏ గుర్రం కాగితంలోనైనా ఈ రెండు నియమాలకు విరుద్ధమైన రంగులు కనిపిస్తే ఆ కాగితంలో తప్పు ఉన్నట్టే. ఖర్చు లేని పరీక్ష ఇది. మూతి చర్మం గులాబి రంగులో ఉండి పుట్టుకతోనే తెల్లగా ఉండే నుక్రా గుర్రాల లెక్క వేరు, అక్కడ పనిచేసే జన్యువులు వేరు.

నెరిసే గుర్రాలన్నీ ఒకే పూర్వికుడి నుంచి దిగిన జన్యు మార్పును మోస్తున్నాయని 2008లో నిర్ధారణ అయింది. ఆ మార్పుతో పాటు వయసు మళ్ళాక తోక కింద నల్లటి గడ్డలు లేచే స్వభావం కూడా వస్తుంది. మీ దగ్గరున్న పాత తెల్ల గుర్రాల తోక ఎత్తి అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

ప్రశ్న: ఒక గుర్రం వంశంలో తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఒకే మగ గుర్రం పేరు ఉంది. ఇంత దగ్గర సంబంధం మంచిదేనా? (టెక్కలి)

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు మన ప్రాంతం వారికి చెప్పడం సులువు. మన ఇళ్ళలో మేనరికాలు తెలియని వారు లేరు. అక్క కూతురిని చేసుకున్న మేనమామ సంతానంలో, ఒకే పూర్వికుడి నుంచి వచ్చిన ఒకే జన్యువు రెండు ప్రతులుగా కలిసే అవకాశం 12.5 శాతం. మేనబావ, మేనమరదలు సంతానంలో అది 6.25 శాతం. మీరు రాసిన మూడు, నాలుగు తరాల కలయికలో అది 1.6 శాతం కూడా లేదు. ఆ గుర్రానికి మన మేనరికంలో నాలుగో వంతు దగ్గరితనం మాత్రమే ఉన్నదన్నమాట. దీనికి భయపడవలసింది లేదు. ఒకే మగ గుర్రం తండ్రికీ తండ్రి, తల్లికీ తండ్రి అయితే అది 12.5 శాతం, అంటే మేనమామ పెళ్ళి లెక్క. అక్కడ ఆలోచించాలి.

అయితే కాగితంలో కనబడే ఐదు తరాలతో లెక్క ఆగదు. థరోబ్రెడ్‌లు రెండు శతాబ్దాలకు పైగా మూసిన పుస్తకంలో, అంటే బయటి జాతులను నమోదు చేసుకోని పుస్తకంలో, తమలో తాము కలుస్తున్నవి కనుక, ఆరో తరం దాటితే అవే పేర్లు పదే పదే తగులుతూనే ఉంటాయి. పేరున్న పూర్వికుణ్ణి రెండు వైపులా ఉంచితే అతని గుణం రెట్టింపవుతుందన్న నమ్మకంతో పెంపకందారులు కావాలనే ఇలా కలుపుతారు. అతని లోపాలకూ అదే లెక్క వర్తిస్తుందన్న సంగతి అమ్మకపు కేటలాగుల్లో రాయరు.

ప్రశ్న: 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు డ్రెసాజ్ (రౌతు సైగలకు గుర్రం తీరుగా అడుగులు వేసే పోటీ) జట్టు స్వర్ణం గెలిచారు. స్వారీలో మనకు 41 ఏళ్ళ తరువాత వచ్చిన స్వర్ణం అది. కాని ఆ గుర్రాలన్నీ యూరపు జాతులవని విన్నాం. మన మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఎందుకు పనికిరావు? ఆ జాతులను ఇక్కడ పెంచలేమా? (రాజాం)

జవాబు: పనికిరావని కాదు, వాటిని ఆ పనికి ఎంపిక చేయలేదు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను ఎడారి ఎండకు, దీర్ఘ ప్రయాణానికి, యుద్ధానికి తగినట్టు తీర్చారు. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకడం వాటి గుర్తు. దీర్ఘదూరపు స్వారీ పోటీల్లో, పరుగెత్తే గుర్రం మీద నుంచి నేలలోని గూటాలను ఈటెతో పొడిచే ఆటలో వాటికి మంచి స్థానం ఉంది. డ్రెసాజ్‌లో కావలసిన సాగే నడక కోసం యూరపువారు చేసిన పని వేరు. జర్మనీలోని హానోవర్ పాలకుడు, ఇంగ్లండు రాజు అయిన రెండో జార్జి 1735లో సెల్లె పట్టణంలో ప్రభుత్వ అశ్వశాల స్థాపించాడు. అప్పట్లో అక్కడి గుర్రాల పని బండి, దుక్కి, సైన్యం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ట్రాక్టరు వచ్చి ఆ మూడు పనులూ పోయాక, బరువైన ఆ గుర్రాల మీద థరోబ్రెడ్ మగ గుర్రాలను వాడి, కొన్ని దశాబ్దాల్లో ఆటల గుర్రంగా మార్చారు. ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్‌లో లేడీకిల్లర్ అనే ఇంగ్లీషు థరోబ్రెడ్, ఫ్రాన్సు నుంచి వచ్చిన కోర్ ద లా బ్రియేర్ దూకే గుర్రాల వంశాన్నే మార్చేశాయి. ఈ జాతులను వార్మ్‌బ్లడ్‌లు అంటారు. వీటి పుస్తకాలు మూసినవి కావు. పరీక్షలో నెగ్గిన బయటి జాతి గుర్రాన్ని కూడా లోపలికి రానిస్తాయి. వాటి వంశవృక్షంలో ఒక పేరు పక్కన రెండు ఎక్స్‌లు కనబడితే అది థరోబ్రెడ్ అని, ఓ, ఎక్స్ అక్షరాలు కనబడితే అరబ్బీ గుర్రం అని అర్థం.

ఇక్కడ పెంచలేమా అంటే పెంచవచ్చు, వార్మ్‌బ్లడ్‌లలో నిల్వచేసిన వీర్యాన్ని వాడటం అనుమతించినదే. కాని ఒక జాగ్రత్త తప్పనిసరి. వార్మ్‌బ్లడ్‌లలో సుమారు పదింట ఒకటి, చర్మం, కీళ్ళు పట్టు లేకుండా పిల్ల పుట్టడానికి కారణమయ్యే ఒక అంతర్గత జన్యువుకు వాహకం. వాహకమైన గుర్రానికి ఏ జబ్బూ ఉండదు. రెండు వాహకాలను కలిపితే మాత్రం నాలుగింట ఒక చూలు ఈ లోపంతో ఏర్పడి, మధ్యలో పోవడమో, పుట్టాక బతకకపోవడమో జరుగుతుంది. కుదుళ్ళతో పీకిన కొద్ది జూలు వెంట్రుకలతో చేసే పరీక్ష 2013 నుంచి అందుబాటులో ఉంది. స్టాలియన్ ఫలితం అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే ఇంకొకరిని చూసుకోండి.

ప్రశ్న: మా పెదనాన్నగారు విజయనగరంలో జట్కా నడిపేవారు. ఆయన సుడులు చూడకుండా గుర్రాన్ని కొనేవారు కారు. మెడ మీద దేవమణి అనే సుడి ఉంటే యజమానికి కలిసివస్తుందనేవారు. ఇందులో నిజమెంత? (పాలకొండ)

జవాబు: సుడులు చూడటం మన అశ్వశాస్త్రాల్లో పాతుకుపోయిన ఆచారం. యజమాని అదృష్టానికీ గుర్రం వెంట్రుకలకూ సంబంధం ఉందని మేము చెప్పలేము. కాని సుడులు పిండ దశలోనే ఏర్పడి జీవితాంతం మారవు కనుక, గుర్రాన్ని గుర్తుపట్టడానికి అవి వేలిముద్రల్లా పనికివస్తాయి. ప్రపంచమంతటా గుర్రపు పాస్‌పోర్టుల్లో వాటిని గుర్తు పెట్టేది అందుకే. మీ పెదనాన్నగారు కొన్న గుర్రాన్ని ఎవరూ సంతలో మార్చి ఇవ్వలేకపోయి ఉంటారు.

ప్రశ్న: మాది కళింగపట్నం. బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన థరోబ్రెడ్‌కు ఈ వేసవిలో చెమట పట్టడం మానేసింది. ఎండలో కాసేపు తిప్పితే ఒగురుస్తోంది. ఇది జాతి దోషమా, మా ఊరి గాలి దోషమా? (కళింగపట్నం)

జవాబు: రెండూ కలిసినది. వేడితో పాటు గాలిలో తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట గ్రంథులు స్పందించడం తగ్గిపోతుంది. బ్రిటిషు కాలంలో మన దేశానికి తెచ్చిన థరోబ్రెడ్‌లలోనే ఇది బాగా గమనించారు. ఒకే పాకలో, ఒకే మేత తినే గుర్రాల్లో కొన్నిటికే రావడం, కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనబడటం చూస్తే, ఇందులో వంశం పాత్ర కూడా ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే మీ గుర్రం తల్లి, దాని ఇతర పిల్లలు ఉన్నచోటికి కబురు చేసి, వాటికీ ఇలా ఉందేమో కనుక్కోండి. ఉంటే, దీన్ని ఈనించే ఆలోచన మన తీరంలో మానుకోవడం మంచిది.

ప్రస్తుతానికి స్వారీని తెల్లవారుజాముకు మార్చండి. పాకలో గాలి ఆడేలా చూసి, పంకా పెట్టి, పని అయిన వెంటనే చన్నీళ్ళు ఆపకుండా పోస్తూ ఒళ్ళు చల్లబరచండి. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా డొక్కలు వేగంగా ఎగసిపడుతూ, థర్మామీటరులో 40 డిగ్రీల సెల్సియస్ దాటితే, నీళ్ళు పోస్తూనే పశువైద్యుణ్ణి పిలిపించండి.